నాలుగు ఫ్యాన్లూ లోపలికే

ఆగస్టు 23, 1998, ఆదివారం

ఇది డైరీ కాదు. రైల్వేలో మా సెక్షన్లో మిగిలిపోయిన లాగ్ బుక్కు ఒకటి ఇంట్లో పడి ఉంటే, సుందరి కంప్యూటర్ ఎప్పుడు ఆగిపోతోందో, నేను ఏం చర్య తీసుకున్నానో రాసిపెట్టుకోవడానికి మొదలుపెట్టాను. తేదీ, సమయం, లోపం, చర్య. అంతే. మనసులో మాటలకు ఇందులో చోటు లేదు.

ఇవాళ మూడుసార్లు ఆగింది. పెట్టిన నలభై నిమిషాలకు తెరమీద అక్షరాలు బిగుసుకుపోతున్నాయి. మూషికం కదలదు, మీట నొక్కితే పలకదు. ఆర్పి, అరగంట చల్లారనిచ్చి, మళ్ళీ పెట్టాలి. ఈ లెక్కన రోజుకు రెండు పేజీలు కూడా అవడం లేదు. నూట ఇరవై పేజీల సావనీరు అది. ఈ బెంగాలీ ఊళ్ళో మన తెలుగు స్కూలుకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా వేస్తున్నారు. కమిటీలో పెద్దలందరూ విశాఖపట్నంలో అచ్చు వేయిద్దామంటే, హెడ్మిస్ట్రెస్ సరోజాదేవిగారు ఒక్కరే పట్టుబట్టి, మన ఊరి పిల్ల ఉండగా అక్కడిదాకా ఎందుకని అక్షరాలు కూర్చే పని మా సుందరికి ఇప్పించారు. సెప్టెంబరు 22కల్లా కలకత్తా ప్రెస్సులో ఫ్లాపీలు ఇవ్వాలి. ఆ రోజు దాటితే వాళ్ళు దుర్గాపూజకు తలుపులు వేసుకుంటారు. కాళీపూజ వెళ్ళేదాకా అక్కడ మనిషి దొరకడు.

రైల్వే పరీక్ష రెండుసార్లు పోయాక, పిల్ల ఒక నెలపాటు గుమ్మం దాటలేదు. తర్వాత ఆదివారాల కంప్యూటర్ క్లాసుకు వెళ్ళి, తనంతట తాను ఈ పని నేర్చుకుంది. ఝపటాపూర్‌లో మా వీధి గదికి బోర్డు కట్టింది. ఈ సావనీరు నిలబడితే ఆ బోర్డు నిలబడుతుంది.

"నానా, లింగయ్యగారిని ఓసారి పిలుద్దామా? ఆయన సూస్తే తెలుస్తాది" అంది.

లింగయ్య అంటే ఆదివారం క్లాసు చెప్పే ఆయన. ఇక్కడి ఇంజినీరింగు ఇన్‌స్టిట్యూట్‌లో లాబ్ టెక్నీషియన్, కరీంనగర్ వైపు మనిషి. వేడెక్కి ఆగిపోయే యంత్రానికి కావలసింది ఫ్యాను. ట్రెయిన్ లైటింగ్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలుగా బోగీల ఫ్యాన్లు చూస్తున్న ఛార్జ్‌మన్ త్యాగరాజు ఇంట్లో ఉండగా, ఫ్యాన్ల సంగతి అడగడానికి కరీంనగర్ దాకా వెళ్ళాలా?

"నేను సచ్చిపోయినానేటి?" అన్నాను. 

ఆగస్టు 24

పెట్టె మూత తీశాను. లోపల అంతా గోధుమపిండి. మా గోడ అవతల తీతు అనే బెంగాలీ ఆయన పిండిమిల్లు ఉంది. వానాకాలం తేమకు ఆ పిండి పలకల మీద పేస్టులా అంటుకుంది.

రాజరాజేశ్వరి తొంగిచూసి, "ఓ గ్లాసు నీళ్ళు పోస్తే రాత్రికి సపాతీలు ఐపోతాయండీ" అంది. ఈవిడతో ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను.

చర్య: పెయింటు బ్రష్షుతో శుభ్రం చేయబడినది.

ఆగస్టు 26, బుధవారం

గోల్‌బజార్‌లో అరచేతి వెడల్పు ఫ్యాను ఒకటి దొరికింది. పెట్టె ముందు వైపు, కిందిభాగంలో దానికోసమే అన్నట్టు నాలుగు కన్నాలున్నాయి. బిగించాను. బయటి చల్లగాలి లోపలికి తోస్తుంది. ఈరోజు గంటన్నర ఆగకుండా నడిచింది!

సుందరి నవ్వింది. "బాగున్నాది నానా" అంది. ఆ ముక్కకు నాకు అయిదారడుగులు పొడుగు పెరిగినట్టు అనిపించి, సాయంత్రం అవసరం లేకపోయినా వీధిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. వెంకటరావు ఎదురైతే నేనే ఆపి చెప్పాను. మా సెక్షన్లోనే ఫిట్టరు అతను. పావుగంట విని, "బోగీలో ఓటి ఫ్యానుంటే సాల్తాదా గురూగారూ? నాలుగుండాల" అన్నాడు.

నిజమే కదా.

ఆగస్టు 30, ఆదివారం

పక్క రేకుకు గుండ్రంగా కన్నం కోసి రెండో ఫ్యాను పెట్టాను. కన్నం వర్క్‌షాపులో తెలిసినవాళ్ళ చేత కోయించాను, చాలా నాజూగ్గా వచ్చింది. అది సరిగ్గా ప్రాసెసర్ ముఖం మీద ఊదుతుంది. రేకు కోసినప్పటి ఇనుప రజను అంచులకు అంటుకుని ఉంటే, తీయడానికి సెక్షన్ నుంచి తెచ్చిన అయస్కాంతం జేబులోంచి తీశాను. సుందరి కెవ్వున అరిచింది. హార్డ్ డిస్కు దగ్గర అయస్కాంతం పెడితే రాసిందంతా చెరిగిపోతుందట. నాకూ తెలుసునన్నాను.

నాకు తెలియదు.

సెప్టెంబరు 3

మూడోది పై రేకుకు. ఇదీ లోపలికే.

ఇక వెనకవైపు, పవర్ సప్లైలో కంపెనీవాడు పెట్టిన ఫ్యాను ఒకటుంది. చెయ్యి పెట్టి చూశాను. అది గాలిని బయటికి తోస్తోంది! నేను ముందునుంచి కష్టపడి గాలి లోపలికి పంపుతుంటే, వీడు వెనకనుంచి బయటికి పారబోస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో గాలిని బయటికి విసిరే ఫ్యాను నేను ఏ బోగీలోనూ చూడలేదు. అలాంటిది బిగిస్తే పాసింజర్లు నా బుర్ర రామకీర్తన పాడిస్తారు. నాలుగు మరలు విప్పి దాన్నీ తిప్పి బిగించాను.

ఇప్పుడు నాలుగు ఫ్యాన్లూ లోపలికే. జనరల్ బోగీలో కూడా ఇంత సౌకర్యం లేదు. పెట్టె చేసే చప్పుడుకు రాజరాజేశ్వరి వంటింట్లోంచి ఏదో అంటోంది. వినపడలేదు. ఇది అదనపు లాభం.

సెప్టెంబరు 6, ఆదివారం

క్లాసు అయ్యాక లింగయ్య వచ్చాడు. సుందరే పిలిచి ఉంటుంది. మర్యాదగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వెనకవైపు అరచెయ్యి పెట్టాడు. మళ్ళీ పైన పెట్టాడు.

"సార్, అన్ని లోపలికే ఉన్నయి గదా. మరి గాలి బయటికి ఎట్ల పోతది?"

"దారి అదే వెతుక్కుంటాది బాబూ. గాలి కదా" అన్నాను.

"ఒక్కసారి మూత తీసి చూద్దునా సార్?"

ఇప్పుడే మరలు బిగించానని, మాటిమాటికీ విప్పితే మరల పళ్ళు అరుగుతాయని చెప్పి, కాఫీ ఇప్పించి పంపించేశాను. మంచివాడే. కానీ పుస్తకాల చదువు.

అతను వెళ్ళాక సుందరి కాఫీ గ్లాసు తీసి కడిగి, మళ్ళీ పేజీలు కొట్టడానికి కూర్చుంది. 

సెప్టెంబరు 8

మధ్యాహ్నం నాలుగుసార్లు ఆగింది. కారణం: వోల్టేజి.

సెప్టెంబరు 9

అయిదుసార్లు. వోల్టేజి కాదు. ఉక్కపోత.

సెప్టెంబరు 10

తీతు పిండిమిల్లు.

సెప్టెంబరు 11, శుక్రవారం

పొద్దున్న తీతు మీదికి వెళ్ళాను. నీ పిండి మా ఇంట్లోకి వస్తోంది, పిల్ల పని పాడవుతోంది, కిటికీకి గోనె కట్టమని అరిచాను. తీతు పిండికొట్టుకున్న కనుబొమ్మలు ఎత్తి చూశాడు. పదిహేనేళ్ళుగా మిల్లు ఇక్కడే ఉంది, పిండి ఇలాగే లేస్తోంది, ఇన్నాళ్ళూ మీరు ఏమీ అనలేదే అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆపనార్ పాఖాయీ తో టాన్‌ఛే, దాదా" అన్నాడు. మీ ఫ్యాన్లే లాక్కుంటున్నాయి కదా అని.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను అతని మిల్లును అంటున్నానని వీధి వీధంతా నిలబడి చూసింది. సామెత ఎవరూ పైకి అనలేదు. నాకే వినపడింది.

సుందరి ప్రతి శుక్రవారం దీపం పెట్టి, అప్పటిదాకా అయిన పేజీలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించి బీరువాలో పెడుతుంది. ఇవాళ్టికి ఎనభై మూడు అయ్యాయి.

సెప్టెంబరు 12

దుమ్ముకు శాశ్వత పరిష్కారం. పాత కంబళి ముక్కలు నాలుగు కోసి ఫ్యాన్ల ముందు జాలీలా బిగించాను. పిండి ఇక ఒక్క రేణువు రాదు.

(గాలి కూడా రాదని ఎవరో అనవచ్చు. ఎవరినీ అడగలేదు.)

సెప్టెంబరు 18, శుక్రవారం, పొద్దున్న

నిన్న విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజు సుత్తికి కూడా బొట్టు పెడతారు. వర్క్‌షాపు గేట్లు తెరిచి, పెళ్ళాంపిల్లలందరూ లేతు మెషీన్లకు దండం పెట్టుకుంటూ తిరిగే రోజు. మా సెక్షన్లో పూజ అయ్యాక వెంకటరావునూ ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాను. మా యంత్రానికి కూడా పూజ ఉండాలి కదా. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, సాంబ్రాణి. కంప్యూటర్ నడుస్తూ ఉండగానే చేశాను. యంత్రం నడుస్తుంటేనే దేవుడున్నట్టు లెక్క.

తర్వాత వాళ్ళందరికీ నాలుగు ఫ్యాన్ల ఏర్పాటు వివరించాను. మొత్తం మూడు గంటలు ఆపకుండా నడిపించాను. వెంకటరావు, "అబ్బో, ఇది ఏసీ బోగీ గురూగారూ" అన్నాడు.

నాలుగు గంటలకు తెర నల్లబడింది. మళ్ళీ పెడితే లోపల టక్, టక్ అని చప్పుడు. పేజీలు లేవు. హార్డ్ డిస్కు పోయింది.

పోయినవి ముప్పై ఒక్క పేజీలు. గత శుక్రవారం తర్వాత, రాత్రిళ్ళు చల్లబడ్డాక కూర్చుని కొట్టినవన్నీ. ఇంకా ఆరు పేజీలు మొదలే పెట్టలేదు. మిగిలింది నాలుగు రోజులు.

సుందరి ఏడుస్తూ, "నేను రోజూ ఫ్లాపీకి ఎక్కించుకోవాల్సింది నానా. శుక్రవారం, శుక్రవారం అని కూకున్నాను. బుద్ధి లేని దాన్ని" అంది.

నేను, "అవునమ్మా, ఎక్కించుకోవాల్సింది" అన్నాను.

వేలు హారతి పళ్ళెం తగిలి కాలింది. వెన్న రాశాను.

సెప్టెంబరు 19, శనివారం

డ్యూటీకి వెళ్ళాను. వచ్చాను.

సుందరి అన్నం తినలేదు. రేపు పొద్దున్న రాతప్రతులన్నీ సరోజాదేవిగారికి తిరిగి ఇచ్చేస్తుందట. తనకు చేతకాదని చెప్పేస్తుందట. బోర్డు కూడా తీసేయమంది. "నాకు ఏదీ రాదు నానా. పరీక్షా రాలేదు, ఇదీ రాలేదు" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

సెప్టెంబరు 20, ఆదివారం

పదిహేడున జరిగిన దాని గురించి రాసింది అబద్ధం. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికోసం అబద్ధం రాసినట్టు? నాకు నేనే లంచం ఇచ్చుకున్నానన్నమాట. ఇవాళ వరసగా రాస్తాను.

వేలు హారతి పళ్ళానికి కాలలేదు. పూజ రోజు మూడున్నరకు, వెంకటరావుకు పక్క ఫ్యాను చూపిస్తూ కన్నంలోంచి లోపలి రేకు ముట్టుకున్నాను. చుర్రుమని కాలి బొబ్బ లేచింది. అప్పుడే సుందరి గుమ్మంలోంచి, "నానా, బాగా యేడెక్కినట్టున్నాది, ఆపేద్దామా?" అని అడిగింది. వేలు గుప్పెట్లో దాచుకుని, "ఐసుపెట్టెలా ఉన్నాదమ్మా, నువ్వెళ్ళి టీ తే" అన్నాను. ముగ్గురు మగవాళ్ళ ముందు నా ఫ్యాన్లు ఓడిపోకూడదని. పిల్ల టీకి వెళ్ళింది. అరగంటలో అంతా అయిపోయింది.

ఆ "ఆపేద్దామా" అన్న మాట తనకు గుర్తు లేదు. నాకు మూడు రోజులుగా అదే వినపడుతోంది.

ఇవాళ పొద్దున్న సుందరి కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని సరోజాదేవిగారి క్వార్టర్‌కు బయల్దేరింది. వీధి మలుపు తిరిగిందో లేదో, రాజరాజేశ్వరి లింగయ్యను లోపలికి తీసుకొచ్చింది. నన్ను అడగకుండా తనే కబురు పెట్టింది. "ఆయన ఓసారి సూస్తారు. మీరు కూకోండి" అంది. ఆ గొంతు నేను ఎప్పుడో గానీ వినను. కూర్చున్నాను.

లింగయ్య వేరే పాత హార్డ్ డిస్కు ఒకటి తగిలించి పెట్టె నడిపించాడు. కంబళి ముక్కలు తీసి పక్కన పెట్టాడు. దేవుడి దగ్గరినుంచి ఒక అగరువత్తి అడిగి వెలిగించి, ఒక్కొక్క ఫ్యాను ముందు పట్టాడు. ముందు పట్టాడు, పొగ లోపలికి పోయింది. పక్కన, లోపలికి. పైన, లోపలికి. వెనక, లోపలికి. నాలుగు చోట్లా సర్రున మింగేసింది. కాసేపటికి ఫ్లాపీ పెట్టే సందులోంచి సన్నగా, ఊపిరాడని మనిషి మూలిగినట్టు, పొగ బయటికి రావడం మొదలుపెట్టింది. పాపం ఇంకెక్కడా దారి లేక.

రాజరాజేశ్వరి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"బోగీలో కూడా అన్నీ లోపలికే తిరుగుతాయి కదా లింగయ్యగారూ" అన్నాను. 

"బోగీల కిటికీలుంటయి గద సార్" అన్నాడు అతను, మెల్లగా. "కిటికీలన్ని మూసి, తలుపులు బిగిస్తే, మీ ఫ్యాన్లు ఏం జేస్తయి? ఉన్న వేడినే తిప్పుతయి. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. కింద చల్లగాలి రావాలె, పైన వెనకకెల్లి వేడి పోవాలె. అంతే."

ముప్పై ఒక్క ఏళ్ళు. బోగీ కప్పు మీద వెంటిలేటర్ల మూతలు కూడా లెక్కబెట్టి సంతకం పెట్టేవాడిని నేను. అవి ఎందుకున్నాయో ఒక్కరోజూ ఆలోచించలేదు.

అప్పుడు లింగయ్య నా వైపు చూశాడు. నా వేలు చూశాడు. "పాత డిస్కు సార్. ఎట్లయినా పోయేదేమో. వోల్టేజి వల్ల పోయిందని చెప్దాం అమ్మాయికి. మీరేం మనసుల పెట్టుకోకుండ్రి."

ఎంత మంచివాడు! దొంగకు తాళం చెవి చేతిలో పెట్టాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. వోల్టేజి. నేనే కనిపెట్టిన మాట. ఎనిమిదో తారీఖున రాసుకున్నాను కూడా. పిల్ల అక్కడికి చేరి "నాకు చేతకాదు" అనేస్తుంది. సాయంత్రానికి బోర్డు దిగుతుంది. నేను మాత్రం వోల్టేజి మీద తోసేసి హాయిగా భోంచేస్తాను.

సైకిలు తీశాను. చొక్కా గుండీలు దారిలో పెట్టుకున్నాను. ఈ వయసులో రైల్వే కాలనీ ఎత్తు నిలబడి తొక్కితే గుండె నోట్లోకి వస్తుందని తెలిసింది.

నేను వెళ్ళేసరికి సుందరి వరండాలో నిలబడి ఉంది. కట్ట బల్లమీద ఉంది. సరోజాదేవిగారు కళ్ళజోడు పెట్టుకుంటున్నారు.

"తప్పు నాదే టీచర్‌గారూ" అంటోంది పిల్ల. "నా అజాగ్రత్త వల్లే..."

"కాదండీ" అన్నాను మెట్లమీద నుంచే, రొప్పుతూ. "అది సేసింది నేను. ఫ్యాన్లన్నీ తప్పుగా పెట్టినాను. లింగయ్యగారు సెప్తే ఇన్లేదు. పూజ నాడు యేడెక్కిందని ఈ పిల్ల ఆపేద్దామన్నాది, నేనే ఆపనివ్వలేదు. వేలు కాలినా సెప్పలేదు." బొబ్బ చూపించాను. పరీక్షలో కాపీ కొట్టి దొరికిన వాడు చీటీ చూపించినట్టు.

 సుందరి నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. ఫ్యాన్ల గురించి, ముప్పై ఒక్క పేజీల గురించి.

"మూడు రోజులు నేను ఏడుస్తుంటే, పక్కనే కూకుని సూసినావా నానా?" అంది.

కాలిన వేలు మళ్ళీ గుప్పెట్లో దాచుకున్నాను. 

సరోజాదేవిగారు కట్ట మీద చెయ్యి వేసి, దాన్ని సుందరి వైపు తోశారు. "ఎన్ని పేజీలమ్మా మొత్తం?"

"ముప్పై ఏడు టీచర్‌గారూ."

"మంగళవారం పొద్దున్న బండికి ఇంకా టైముంది. నువ్వు రాతప్రతి చూసి, తెర చూసి కొడితే అవ్వదు. ఎవరైనా చదివి పెడితే అవుతుంది." తర్వాత నావైపు తిరిగారు. "త్యాగరాజుగారూ, మీకు తెలుగు చదవడం వచ్చు కదా?"

"వచ్చండీ."

"అయితే రేపు సెలవు పెట్టండి. గొంతు పెద్దగా ఉండాలి. మధ్యలో సలహాలు ఇవ్వకూడదు."

నలభై ఏళ్ళు పిల్లలకు శిక్షలు వేసిన మనిషి. ఏది ఎంత వేయాలో తెలుసు.

ఇంటికి వచ్చేసరికి లింగయ్య పక్క కన్నానికీ పై కన్నానికీ అట్టముక్కలు అంటించేసి, వెనక ఫ్యాను మళ్ళీ బయటికి తిప్పేసి, తన పాత డిస్కులోనే తెలుగు అక్షరాలు ఎక్కించి ఉంచాడు. పెట్టెను నేల మీదనుంచి ఎత్తి స్టూలు మీద పెట్టాడు. నేల మీదే పిండీ దుమ్మూ ఎక్కువట. ముందు ఫ్యానుకు రాజరాజేశ్వరి పాత వాయిల్ చీర ముక్క ఒకే పొర కట్టాడు, గాలి వచ్చేలా, పిండి ఆగేలా. వారానికోసారి దులపాలని చెప్పాడు. నాకు కాదు, రాజరాజేశ్వరికి. పీకేసిన రెండు ఫ్యాన్లు కాగితంలో చుట్టి నా చేతికి ఇచ్చాడు. నా రెండు నెలల పరిశోధన కాగితంలో పట్టింది.

రెండు కాదు. నెలే. గొప్పలు చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

సెప్టెంబరు 21, సోమవారం

సెలవు పెట్టాను. కారణం: ఇంట్లో పని. ఇన్నేళ్ళ సర్వీసులో సెలవు చీటీలో నిజం రాయడం ఇదే మొదటిసారి.

పొద్దున్న ఆరుకు మొదలు. నేను చదువుతాను, తను కొడుతుంది. నిన్న పదమూడు అయ్యాయి. ఇవాళ ఇరవై నాలుగు కావాలి. సుందరి నాతో మాట్లాడేవి రెండే మాటలు. "తర్వాత." ఇంకొకటి, "మళ్ళీ."

మొదటి ప్రధానోపాధ్యాయుడి జ్ఞాపకాలు. పూర్వవిద్యార్థుల వ్యాసాలు. ఒక ఆయన స్కూలు గంట మీద ఎనిమిది పేజీలు రాశాడు. నేను దానిమీద ఒక వ్యాఖ్య చేయబోయి ఆగాను. శిక్షలో అది లేదు.

మధ్యాహ్నం, అలవాటు కొద్దీ, చెయ్యి పెట్టె వెనక్కి పోయింది. వెచ్చటి గాలి బయటికి వస్తోంది. మెత్తగా, తీరుబడిగా.

"నానా. కాయితం సూడు" అంది. అది మూడో మాట.

తొమ్మిది గంటలుగా ఒక్కసారీ ఆగలేదు. ఒక్కో పేజీ అవగానే ఫ్లాపీకి ఎక్కిస్తోంది. నాకు చూపించి మరీ ఎక్కిస్తోంది. రాజరాజేశ్వరి నాకు మిరియాల పాలు తెచ్చి ఇచ్చింది. ఇద్దరికీ తెచ్చింది, కానీ నా గ్లాసు ముందు పెట్టింది. గొంతు బొంగురుపోయింది.

సాయంత్రం ఏడుంబావుకు నూట ఇరవయ్యో పేజీ. సుందరి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. "అయిపోయింది" అంది, నాతో కాదు, పైకప్పుతో.

సెప్టెంబరు 22, మంగళవారం

ఇవాళా సెలవే. పొద్దున్న హౌరా లోకల్. స్టేషన్ దాకా సంచి నేను మోశాను. అడిగితే కాదంటుందని అడగకుండా తీసుకున్నాను. వంతెన ఎక్కి దిగి, మా పొడుగాటి ప్లాట్‌ఫారం మీద ఆ చివరిదాకా నడిచాం. 

కిటికీ పక్కన సీటు దొరికింది. ఫ్లాపీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ప్లాట్‌ఫారం మీద కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. లోపల జనం, ఉక్క. సుందరి తల మీది ఫ్యాను తిరగడం లేదు.

తలెత్తి ఫ్యానును చూసింది. తల దించి నన్ను చూసింది. మళ్ళీ ఫ్యానును చూసింది.

ఈ బండ్లు మా సెక్షన్ కావు, వీటి డిపో వేరు అని చెప్పడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. సుందరి లేచి, సంచిలోంచి దువ్వెన తీసి, జాలీలో దూర్చి, ఫ్యాను రెక్కను ఒక్క తోపు తోసింది. అది కొంచెం ఆలోచించి తిరగడం మొదలుపెట్టింది. ఎదురుసీటు బెంగాలీ ముసలాయన "బా!" అని మెచ్చుకున్నాడు.

అప్పుడు నవ్వింది. అయిదు రోజుల తర్వాత. నన్ను చూసి నవ్విందో, ఫ్యానును చూసి నవ్విందో తెలియదు. నేను మాత్రం నవ్వుతూ ఏడ్చేశాను, ప్లాట్‌ఫారం మీద, అంతమంది ముందు. ఛార్జ్‌మన్‌ను. చేతిరుమాలు కూడా తెచ్చుకోలేదు.

"కోపం పోయిందామ్మా?" అని అడిగాను. అడగకూడదు. నాకు ఆగలేదు.

"పనైపోయింది నానా. కోపం ఇంకా అవ్వలేదు" అంది. గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "సాయంత్రం బండికి వచ్చేస్తాను. స్టేషన్‌కి రా. మిగిల్నది ఇంటికి నడుస్తా తిడతాను!"

మధ్యాహ్నం రెండింటికి తీతు మా గుమ్మంలోకి వచ్చాడు. వీధిలో ఫోను అతని మిల్లులోనే ఉంది. కలకత్తా నుంచి సుందరి చేసిందట. ప్రెస్సువాళ్ళు తీసుకున్నారు, నూట ఇరవై పేజీలూ బాగున్నాయన్నారు, ఈ ఒక్క మాట చెప్పమందట. రాజరాజేశ్వరి చెంగు కళ్ళకు అద్దుకుంది. నేను తీతుకు దండం పెట్టి, మొన్న అరిచినందుకు క్షమించమన్నాను. అతను నా చేతికి కిలో పిండి పొట్లం ఇచ్చి వెళ్ళాడు. ఊరికే.

సుందరి వచ్చే బండి ఆరున్నరకు. నేను అయిదింటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. టీ రెండుసార్లు తాగాను. తిట్లు తినడానికి గంటన్నర ముందుగా వచ్చి కూర్చున్నవాణ్ణి ఇంత పొడుగు ప్లాట్‌ఫారం మీద నేనొక్కడినే అయి ఉంటాను.

సిగ్నలు పడింది.